పంచాయతీని లెక్క అడగాలంటే ఏ దారి మేలు: గ్రామసభా, సమాచార హక్కా, సోమవారం అర్జీనా?

"ఏటి బాబూ, సదువుకున్నోడివి, ఆ రోడ్డు డబ్బులేటయ్యాయో నువ్వైనా ఓ పాలి అడగరాదా?" అని మా వీధి పెద్దాయన ఒకాయన అన్నారు. నా తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు. ఊరి పేరు రాయను, ఎందుకంటే ఇలాంటి రోడ్డు లేని ఊరు చుట్టుపక్కల చూపించమంటే నేను చూపించలేను. వేసిన రెండో వానాకాలానికే సీసీ రోడ్డు పెచ్చులు లేచిపోయింది. గ్రామసభ ఉందని తెలిసి వెళ్లాను, లేచి నిలబడి అడిగాను, "ఎస్టిమేట్ ప్రకారమే వేశాం, అనుమానం ఉంటే ఆఫీసుకొచ్చి చూసుకోండి" అన్నారు. నా చేతిలో ఒక్క కాగితం కూడా లేదు. ఎవరో వెనక నుంచి నవ్వారు. కూర్చున్నాను.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు దాదాపు అన్ని గుమ్మాలూ ఎక్కి దిగాను. ఏ గుమ్మం దేనికి పనికొస్తుందో, ఏది కాలయాపనో, ఇప్పుడు నాకు కొంచెం తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇదే పనిలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావాల్సింది లెక్క తెలియడమా, ఆగిపోయిన పని జరగడమా, తిన్నవాడి మీద చర్య పడడమా? మూడింటికీ దారులు వేరు. పని కావాలనుకునేవాడు అధికారుల మీద ఫిర్యాదులు విచారించే లోకాయుక్తకి రాసినా, డబ్బు తిన్నవాడిని పట్టుకోవాలనుకునేవాడు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పెట్టినా అలసట తప్ప ఏమీ మిగలదు. నేను రెండు తప్పులూ చేశాను.

సమాచార హక్కు: నెమ్మది, కానీ అసలు ఆయుధం ఇదే

నన్నడిగితే ఎవరైనా మొదట చేయాల్సింది ఇది. ఈ చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ఇది చాలామందికి తెలియదు, "చలానా కట్టి రండి" అంటే వెనక్కి వెళ్లిపోతారు. జిరాక్సు కాపీలకి మాత్రం పేజీకి 2 రూపాయల లెక్కన తీసుకుంటారు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. కమిషన్ తలుచుకుంటే రోజుకి 250 చొప్పున 25 వేల దాకా ఆ అధికారి జేబులోంచే జరిమానా కట్టించగలదు, కానీ దాని దాకా వెళ్తే నెలలు గడిచిపోతాయి.

అడిగే తీరులోనే ఉంది అంతా. "రోడ్డు ఎందుకు పాడైంది, ఎవరు బాధ్యులు" అని రాస్తే "మీరు అడిగినది సమాచారం కిందకు రాదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపిస్తారు, పైగా అలా తిప్పి పంపడం చట్టప్రకారం తప్పు కూడా కాదు. ఎందుకు అని అడగొద్దు, కాగితం పేరు చెప్పి అడగండి: ఫలానా సంవత్సరంలో ఫలానా వీధిలో వేసిన సీసీ రోడ్డు ఎస్టిమేట్ నకలు, పంచాయతీ తీర్మానం నకలు, ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు, బిల్లు చెల్లించిన వోచర్ నకలు. ఎం.బుక్ పంచాయతీలో కాకుండా ఇంజనీరు దగ్గర ఉంటుంది కాబట్టి "మా దగ్గర లేదు" అంటారు. అలాంటప్పుడు దరఖాస్తును 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకి బదిలీ చేయడం వాళ్ల బాధ్యతే, మీరు మళ్లీ రాయక్కర్లేదు. లబ్ధిదారుల పేర్ల జోలికి మొదటే పోకండి, వ్యక్తిగత సమాచారం అని అడ్డుపుల్ల వేయడానికి వీలవుతుంది. పనుల కాగితాలకి ఆ సాకు పనిచేయదు.

ఇంకోటి, రికార్డు తనిఖీ చేసే హక్కు కూడా ఇదే చట్టంలో ఉంది. ఆఫీసుకెళ్లి రిజిస్టర్లు తిరగేసి నోట్సు రాసుకోవచ్చు, మొదటి గంట ఉచితం. పని జరిగిన చోటును తనిఖీ చేయమని, సామగ్రి నమూనా ఇమ్మని కూడా అడగొచ్చు, అంటే మీ వీధిలో పోసిన కాంక్రీటు ముక్క కూడా చట్టం లెక్కలో సమాచారమే.

మా సంగతికొస్తే, 30 రోజులూ గడిచాయి, జవాబు లేదు. ముప్పై నాలుగో రోజున ఫోన్ వచ్చింది: "మీకేటి కావాలో చెప్పండి సార్, చూసేద్దాం, ఇలగ కాగితాలెందుకు." ఆ ఫోన్‌కి మెత్తబడితే కథ అక్కడితో సరి. మొదటి అప్పీలు వేశాను, కాగితాలు వచ్చాయి. ఎం.బుక్‌లో రోడ్డు పొడవు 162 మీటర్లు. నేనూ మా మేనల్లుడూ ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని కొలిస్తే 131. వాడు మూడుసార్లు కొలిపించాడు.

గ్రామసభ: కాగితంతో వెళ్తే ఒకలా, వట్టి చేతులతో వెళ్తే ఒకలా

కాగితం మీద చూస్తే గ్రామసభకి ఉన్న బలం దేనికీ లేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ దానికి పేరూ స్థానమూ ఇచ్చింది. మన 1994 పంచాయతీరాజ్ చట్టంలో 6వ సెక్షన్ ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడూ సభ్యుడే, ఏడాది జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, చేయబోయే పనుల జాబితా సభ ముందు పెట్టాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లోనూ ఒకేరోజు గ్రామసభలు పెట్టారు, రికార్డు అన్నారు. సంతోషమే. కానీ సభ పెట్టడం వేరు, సభలో లెక్క చదవడం వేరు.

మన వైపు గ్రామసభ ఎలా జరుగుతుందో తెలిసిందే. ఊళ్లో మగవాళ్లు సగం మంది చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనుల మీద ఉంటారు, డ్వాక్రా సంఘాల వాళ్లని పిలిచి కుర్చీలు నింపుతారు, సెక్రటరీ గారు ఒక కాగితం గబగబా చదువుతారు, టీలు, సంతకాలు. ఆ డ్వాక్రా ఆడవాళ్లనే నిర్లక్ష్యం చేస్తాం మనం. నెలనెలా సంఘం పుస్తకంలో అసలు ఎంత, వడ్డీ ఎంత అని పైసాతో సహా చూసుకునేది ఊళ్లో వాళ్లే. రెండోసారి నేను గ్రామసభకి వెళ్లే ముందు ఇద్దరు సంఘం లీడర్లకి ఎం.బుక్ కాపీ చూపించి వెళ్లాను. సభలో నేను మూడు లైన్లు చదివానో లేదో, ఒకావిడ లేచి "ముప్పయ్యొక్క మీటరు ఎక్కడుందో సూపించండి ప్రెసిడెంటు గారూ, మేమూ నడిసొత్తాం" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాబట్టి గ్రామసభ మొదటి మెట్టు కాదు, రెండోది. అక్కడ మీ ప్రశ్న మినిట్స్ బుక్‌లో రాయించండి, రాసేదాకా కదలకండి, వీలైతే ఆ పేజీ ఫోటో తీసుకోండి. తర్వాత ఎక్కడికెళ్లినా ఆ పేజీ పనికొస్తుంది.

ఒక మాట సర్పంచుల వైపు నుంచి కూడా చెప్పాలి. నెలకి 3 వేల గౌరవ వేతనం మీద, చెక్కు మీద సంతకానికి సెక్రటరీ తోడు లేకుండా కదలలేని మనిషి ఆయన. 15వ ఆర్థిక సంఘం నిధుల్ని పంచాయతీల కరెంటు బకాయిల కింద పైనే సర్దేసుకున్నారని కొన్నేళ్ల కిందట సర్పంచులే రోడ్డెక్కారు. ఆ నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలన్న షరతు కూడా ఉంది. అందుకే "డబ్బంతా ప్రెసిడెంటు తినేశాడు" అనే ముందు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో మీ పంచాయతీ ఎంచుకుని ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది చూడండి. ఫోన్లోనే అవుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఒక్కోసారి దొంగ మీ ఊళ్లో ఉండడు.

సోమవారం అర్జీ: పని కావాలంటే మంచిది, లెక్క తేలాలంటే కాదు

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే పద్ధతి పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూ ఉంటుంది. మీకోసం అన్నారు, స్పందన అన్నారు, జగనన్నకు చెబుదాం అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్, అంటే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. వరస మాత్రం అదే: టోకెన్, క్యూ, అర్జీ నంబరు, ఫోన్‌కి మెసేజ్. 1100కి ఫోన్ చేస్తే అర్జీ ఎక్కడుందో చెబుతారు.

దీని గుణం ఏమిటంటే వీధి దీపం, బోరు మరమ్మతు, కాలువ పూడిక, ఇలాంటివి నిజంగానే కదులుతాయి. అర్జీ పెండింగులో ఉంటే పైవాళ్ల దగ్గర మాట పడాలి కాబట్టి కింది ఉద్యోగికి టెన్షన్ ఉంటుంది. దోషం కూడా అక్కడే ఉంది. మీరు సెక్రటరీ మీద రాసిన అర్జీ కలెక్టరేట్ నుంచి డీపీవోకి (జిల్లా పంచాయతీ అధికారికి), అక్కడి నుంచి మండలానికి, మండలం నుంచి చివరికి ఆ సెక్రటరీ టేబుల్ మీదకే వస్తుంది. "విచారించగా పని నిబంధనల మేరకే జరిగినది" అని ఆయనే రాస్తారు, మీ ఫోన్‌కి పరిష్కరించబడినది అని మెసేజ్. నాకు రెండుసార్లు పరిష్కారమైంది ఇలా.

దూరం సంగతి కూడా చూసుకోవాలి. ఇచ్ఛాపురం మనిషి శ్రీకాకుళం వచ్చి అర్జీ ఇవ్వాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస వాళ్లు శ్రీకాకుళం బస్సు మానేసి విజయనగరం బస్సెక్కడం నేర్చుకున్నారు. లెక్కల తేడా మీద అర్జీ పెట్టాల్సి వస్తే కనీసం "విచారణ ఫిర్యాదు ఉన్న అధికారితో కాక పై స్థాయి వారితో చేయించగలరు" అన్న వాక్యం ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ రాయండి, ఎం.బుక్ కాపీ జత చేయండి. మూడోసారి నేను అలా ఇచ్చాకే డివిజన్ నుంచి ఒక ఇంజనీరు టేపుతో వచ్చారు.

ఆడిట్, సామాజిక తనిఖీ: ఎవరూ వాడుకోని దారి

నా ఓటు మాత్రం దీనికి. ప్రతి పంచాయతీ లెక్కల్నీ రాష్ట్ర ఆడిట్ శాఖ వాళ్లు చూస్తారు, అభ్యంతరాలు రాస్తారు, వోచరు లేదు, కొలతలు లేవు, పన్ను వసూలు చేసి జమ చేయలేదు, ఇలా. ఆ రిపోర్టు గ్రామసభ ముందు పెట్టాలని చట్టం. మీ ఊళ్లో ఎప్పుడైనా పెట్టారా? సమాచార హక్కు కింద గత 3 ఏళ్ల ఆడిట్ అభ్యంతరాల నకలు, వాటికి పంచాయతీ ఇచ్చిన జవాబుల నకలు అడగండి. మీరు చేయాల్సిన పరిశోధన సగం అప్పటికే ప్రభుత్వమే చేసి, ఫైల్లో పెట్టి, దారం కట్టేసి ఉంటుంది. నేను ఇది ఆఖర్న తెలుసుకున్నాను, మొదటే తెలిసుంటే ఆర్నెల్లు కలిసొచ్చేది.

సామాజిక తనిఖీ ఎక్కువగా ఉపాధి హామీ పనులకే. 2005 ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ దీన్ని గ్రామసభ చేతిలో పెట్టింది, దేశంలో అందరికంటే ముందు దీన్ని ఒక వ్యవస్థగా నడిపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ పెట్టారు. బయటి ఊరి కుర్రాళ్లు వచ్చి ఇంటింటికీ తిరిగి మస్టర్లో (కూలీల హాజరు పట్టీలో) ఉన్న రోజులూ మనిషి చెప్పిన రోజులూ సరిచూసి, చివర మండలంలో ప్రజావేదిక పెడతారు. ఫీల్డ్ అసిస్టెంట్లు భయపడేది దీనికే. లోపం లేదనను, రికవరీ అని రాసిన డబ్బు తిరిగి వచ్చేది తక్కువ, దొరికేది కూడా చిన్న చేపలే. అయినా మీ మండలంలో తనిఖీ బృందం దిగిందని తెలిస్తే ఆ వారం ఊళ్లో ఉండండి, వాళ్లకి భోజనం పెట్టొద్దు, ఎవరింట్లోనూ తిననివ్వొద్దు, వివరాలు మాత్రం ఇవ్వండి.

మిగతావి క్లుప్తంగా

లంచం అడిగితే, అంటే ప్లాను అప్రూవలుకో సర్టిఫికెట్టుకో ఇంత అని నోటితో అడిగితే, పైవన్నీ వదిలేయండి, ఏసీబీ 1064. డబ్బు ఇవ్వక ముందే ఫోన్ చేయాలి. లోకాయుక్తకి ఫిర్యాదు 1983 చట్టం కింద ప్రమాణపత్రంతో వేయాలి, సిఫార్సు చేయగలదు కానీ తానే శిక్ష వేయలేదు, అయినా నోటీసు వచ్చిందంటే ఆ అధికారి పాత ఫైళ్లన్నీ బయటికి తీస్తాడు. చేతిలో గట్టి కాగితాలుంటేనే వెళ్లండి. హైకోర్టు అమరావతిలో, ఖర్చు మీకు తెలుసు, పైగా "ముందు అధికారుల్ని అడిగారా" అన్నదే అక్కడ మొదటి ప్రశ్న. సర్పంచ్ నిధులు తిన్నాడని రుజువైతే పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్ కింద కలెక్టరు తొలగించొచ్చు. ఆ సెక్షన్ చాలాసార్లు పార్టీల గొడవల్లోనే గుర్తుకొస్తుంది అన్నది నా అభిప్రాయం.

పట్నం వాళ్ల కష్టం వేరు

పల్లెలో కనీసం గ్రామసభ ఉంది. పట్నంలో అదీ లేదు. రాజ్యాంగం వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది 3 లక్షల జనాభా దాటిన పట్టణాలకి. 2011 లెక్కల్లో విజయనగరం 2 లక్షల 28 వేలు, శ్రీకాకుళం అంతకంటే చిన్నది. రెండూ 2015లో ఒకేసారి కార్పొరేషన్లు అయ్యాయి. విజయనగరంలో 2021 మార్చి 10న 50 డివిజన్లకి ఎన్నికలు జరిగాయి, తిట్టుకోవడానికైనా ఒక కార్పొరేటరు దొరికారు. శ్రీకాకుళంలో 2010లో పాలకవర్గం గడువు ముగిశాక 2014లోనూ ఎన్నికలు లేవు, 2021లోనూ లేవు. పురపాలక సంఘం 1856 నాటిదని గొప్పగా చెప్పుకునే ఊరు ఇది! ప్రత్యేకాధికారి పాలనలో తీర్మానం చేసేదీ అధికారే, అమలు చేసేదీ అధికారే, ఆ అధికారి బదిలీ అయ్యాక వచ్చేవాడికి పాత సంగతి తెలియదు.

దీని రుచి పల్లెలు కూడా చూశాయి. 2018 ఆగస్టులో సర్పంచుల పదవీకాలం అయిపోయింది, అక్టోబరు 11న వజ్రపుకొత్తూరు దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరీ జీడీ పోయి నష్టం జాబితాలు రాసే వేళకి ఏ ఊళ్లోనూ ఎన్నికైన సర్పంచ్ లేడు. ఎన్నికలు మళ్లీ 2021 ఫిబ్రవరికి. కాబట్టి ప్రత్యేకాధికారి ఉన్న చోట మీ దారి వేరు: సమాచార హక్కు, ఆడిట్ అభ్యంతరాలు, ఆ తర్వాత సోమవారం అర్జీ. సభల మీద ఆశ పెట్టుకోవద్దు.

చట్టం మారాలంటే ఏది మారాలి

ఈ మధ్య కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది సర్పంచ్‌ని మధ్యలో దింపే హక్కు. మధ్యప్రదేశ్‌లో ఉంది, హర్యానా 2020లో తెచ్చింది. మన దగ్గర అవిశ్వాసం ఉప సర్పంచ్, ఎంపీపీ, జెడ్పీ ఛైర్మన్ల మీద పెట్టొచ్చు, జనం నేరుగా ఎన్నుకున్న సర్పంచ్ మీద కుదరదు. దింపే హక్కు వినడానికి బావుంటుంది. కానీ రెండు వర్గాలుగా చీలిన ఊళ్లో అది ఏమవుతుందో ఊహించుకోండి, ఓడిపోయినవాడు మర్నాటి నుంచే సంతకాల సేకరణ మొదలుపెడతాడు. విశాఖలో 2025 ఏప్రిల్‌లో మేయర్ మీద అవిశ్వాసం నెగ్గింది. అక్కడ లెక్కపెట్టింది కార్పొరేటర్ల తలల్ని, కార్పొరేషన్ జమాఖర్చుల్ని కాదు.

కేరళలో స్థానిక సంస్థల మీద ఫిర్యాదులకే విడిగా అంబుడ్స్‌మన్ ఉన్నారు. అది మంచిదే, ఫిర్యాదు తిరిగి తిరిగి సెక్రటరీ టేబుల్ మీదకి రాదు. కానీ నన్ను ఒక్కటే ఎంచుకోమంటే, ఉపాధి హామీ తరహా సామాజిక తనిఖీని పంచాయతీ ఖర్చు మొత్తానికి, మున్సిపాలిటీ డివిజన్ పనులకి కూడా తప్పనిసరి చేయమంటాను. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1994 నుంచి ఊరి మధ్య బిల్లులు బిగ్గరగా చదివించారు, సమాచార హక్కు చట్టం డిమాండు బలపడింది అక్కడే. మనిషిని దింపితే ఇంకో మనిషి వస్తాడు, ఎం.బుక్ మాత్రం అదే బీరువాలో ఉంటుంది.

మా రోడ్డు సంగతి అడుగుతారేమో. ఇంజనీరు వచ్చి కొలిచి 131 అని ఒప్పుకున్నారు. డబ్బు వెనక్కి కట్టారో లేదో నాకు కాగితం ఇంకా రాలేదు, రెండో అప్పీలు కమిషన్‌లో ఉంది. కానీ రామాలయం వైపు మిగిలిన ముప్పై ఒక్క మీటర్లూ ఒక రాత్రి కంకర దింపి నాలుగు రోజుల్లో పోసేశారు, అది ఏ పద్దు కింద పోశారో అని మా మేనల్లుడు మొన్న సోమవారం కొత్త దరఖాస్తు పెట్టాడు.